మూడేండ్లు బ్రదికిన సేన

ఎన్.సి.సి. దుస్తులు ధరించి కవాతు చేయు విద్యార్థులను మన పాఠకులందరును చూచియే యుందురు. ఆ కవాతునకు మూలము మూడేండ్లు మాత్రమే బ్రదికిన యొక సేనలో నున్నది. దాని పేరు భారత రక్షణ దళము. దాని చరిత్రమును సంగ్రహముగా తెలుపుచున్నాము.

1914వ సంవత్సరమున మొదటి ప్రపంచ యుద్ధము ప్రారంభము కాగా, భారత సైన్యములోని పటాలములనేకము ఫ్రాన్సునకును మెసపొటేమియాకును ఓడలెక్కి పోయెను. సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎండెన్ అను జర్మను యుద్ధనౌక మద్రాసు రేవున కెదురుగా నిలిచి, ఫిరంగులు ప్రేల్చి, చమురు తొట్లను తగులబెట్టెను. యుద్ధము మన తీరమునకును రాగలదని నాడు జనులకు తెలిసినది.

స్వదేశమున కావలియున్న సిపాయిలను యుద్ధభూమికి పంపవలెనన్న, వారి స్థానమున నిలుచు వారు కావలెను గదా! ఇందులకై 1917లో భారత రక్షణ దళ చట్టమును చేసిరి. అంతవరకు నున్న వాలంటీరు దళములు దీనిలో కలిసిపోయెను. ఇందలివారు తమ వృత్తులు మానకయే తీరిక వేళల కవాతును, తుపాకి గురిని అభ్యసించిరి. దేశము దాటి పోవలసిన పని వారికి లేదు. కళాశాల విద్యార్థులకును ప్రత్యేక దళములేర్పడెను.

అయితే ఆ చట్టమునం దొక భేదము గలదు. 16 మొదలు 50 ఏండ్ల వరకు గల ఐరోపియను బ్రిటిషు పురుషులకు సేవ నిర్బంధము; భారతీయులకు ఐచ్ఛికము. రెండు జాతులకు రెండు శాఖలు. గోదావరి పొంగినపుడు ఏటిగట్టు కాయుటకు ఊరివారందరును పోవుదురు. గట్టుమీద నిలిచిన వానిని నీ జాతి యేదని వరద అడుగదు. ఆ పాలకులకు ఈ సంగతి తోచలేదు. 1920లో దళమును రద్దుచేసినపుడును ఐరోపియనులకు, ఆంగ్లో-ఇండియనులకు ఆగ్జిలరీ ఫోర్సనియు, భారతీయులకు టెరిటోరియల్ ఫోర్సనియు వేరువేరుగానే నెలకొల్పిరి.

విద్యార్థి దళములు మాత్రము నశింపలేదు. 1920లో అవి యూనివర్సిటీ ట్రెయినింగ్ కోరుగా మారెను. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను, మనకు చేరువనున్న కాకినాడపైనను బాంబులు వేసెను. ఆ సంవత్సరమే అధికారుల శిక్షణకై విశ్వవిద్యాలయ దళమును ఏర్పరచిరి. స్వాతంత్ర్యానంతరము, 1948లో, వీని స్థానమున ఎన్.సి.సి. వచ్చెను. 1949లో బాలికలకును ప్రవేశము కలిగెను.

విద్యార్థులారా! నేడు ఎన్.సి.సి. వరుసలో మీ ప్రక్కన నిలుచువాని కులమును, మతమును ఎవరును అడుగరు. 1917లో లేని ఆ సమానత్వమును కాపాడుటయు దేశరక్షణమే యని మా నమ్మకము.