రక్షకపత్రాలను గుర్తుపట్టడం ఎలా?

బతుకమ్మ పండుగ రోజుల్లో కొడిమ్యాలలో ఇంటింటా తంగేడు, గునుగు, బంతిపూలు కుప్పలుగా కనిపిస్తాయి. బతుకమ్మను పేర్చే ఈ మూడు రకాల పూలు వృక్షశాస్త్రంలో మనకొక మంచి పాఠం చెబుతాయి. ఒక్కొక్కటే తీసుకుని పరీక్షిద్దాం.

ముందుగా తంగేడు మొగ్గను చూడండి. దానిని పైనుండి కప్పి ఉంచిన అయిదు చిన్న రేకులే రక్షకపత్రాలు. వీటన్నిటినీ కలిపి రక్షకపత్రావళి అంటారు. పువ్వులో అన్నిటికన్నా వెలుపలి వలయం ఇదే. లేత మొగ్గ ఎండకు వాడిపోకుండా, పురుగుల పాలు కాకుండా ఇది కాపాడుతుంది. దీని లోపల వరుసగా పసుపుపచ్చని ఆకర్షణపత్రాలు, కేసరాలు, అండకోశం ఉంటాయి.

ఇక గునుగు. ఒక్కొక్క వెన్నులో ఎన్నో చిన్న పూలుంటాయి. ఒకదానిని భూతద్దంతో చూడండి. కాగితంలా పొడిగా ఉండే అయిదు రేకులు ఒకే వలయంలో కనబడతాయి. రక్షకపత్రాలు వేరు, ఆకర్షణపత్రాలు వేరు అనే తేడా ఇందులో లేదు. వీటిని పరిపత్రాలు అంటారు. బెంథామ్, హుకర్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞులు 1862-1883 మధ్య ప్రచురించిన 'జెనెరా ప్లాంటారమ్' గ్రంథంలో ఇటువంటి మొక్కలను 'మోనోక్లామిడే' అనే ప్రత్యేక విభాగంలో చేర్చారు. జన్యువులను పోల్చి చూసిన తరువాత శాస్త్రజ్ఞులు ఆ విభజనను మార్చారు. అయినా పువ్వును వర్ణించేటప్పుడు నేటికీ రక్షకపత్రావళితోనే మొదలుపెడతారు.

బంతి మాత్రం మనలను మోసం చేస్తుంది! దాని అడుగున ఉన్న ఆకుపచ్చని గిన్నెను చూసి రక్షకపత్రావళి అనుకుంటాం. నిజానికి బంతి ఒక్క పువ్వు కాదు. చిన్న చిన్న పూల గుంపు. పుచ్ఛాలు అనే ఆకులు కలిసిపోయి ఆ గిన్నె ఏర్పడింది. లోపలి ఒక రేకును నల్లని గింజతో సహా లాగి చూడండి. గింజ కొనమీద ఉన్న సన్నని పొలుసులే అసలు రక్షకపత్రావళి.

కాబట్టి రక్షకపత్రాలను గుర్తించవలసింది రంగునుబట్టి కాదు, పువ్వులో అవి ఉన్న స్థానాన్నిబట్టి.

మొగ్గ విచ్చుకోగానే వీటి పని తీరిపోతుందా? చాలా పూలలో రాలిపోతాయి. కాని వంకాయలో కాయతోపాటు పెరుగుతాయి. దాని తలపైనున్న పచ్చని టోపీ అదే! జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో బీడీలు చుట్టేది తునికి ఆకుతో గదా! ఆ చెట్టు పండుకు కూడా తొడిమ దగ్గర రక్షకపత్రావళి అంటుకొనే ఉంటుంది.

ఈసారి అమ్మ వంకాయలు తరిగేటప్పుడు ఆ టోపీని పారవేయనివ్వకండి. దాని అంచున ఎన్ని మొనలున్నాయో లెక్కపెట్టండి. ఒకనాడు మొగ్గను కాచిన రక్షకపత్రాలు అవే!