గింజ ఖరీదైనప్పుడు మరనూ చూడాలి

న్యూయార్క్ వాయిదా మార్కెట్‌లో అరాబికా కాఫీ ధర 2025 ఫిబ్రవరిలో పౌనుకు 4 డాలర్లు దాటింది. గింజ ఇంత ఖరీదైనప్పుడు ఇంట్లో పొడి పట్టే సాధనం కూడా లెక్కలోకి వస్తుంది.

మిక్సీ బ్లేడు గింజను నరుకుతుంది. కొంత దుమ్ముగా, కొంత రవ్వగా తయారవుతుంది. దుమ్ము నుంచి చేదు దిగుతుంది. రవ్వలోని సారం దిగకుండానే పిప్పితో పోతుంది. అంటే కొన్న సరుకులో కొంత వృథాయే.

తిరగలి తరహా మరలో గింజ రెండు పళ్ల చక్రాల మధ్య దాదాపు ఒకే తీరున నలుగుతుంది. చక్రాల ఎడం మార్చుకోవచ్చు. ఫిల్టరుకు పొడి మరీ మెత్తనైతే నీరు దిగదు. మరీ ముతకైతే డికాక్షన్ పలచనవుతుంది. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి చేతిమర చాలు. కొనేముందు చక్రం ఊగకుండా తిరుగుతోందో లేదో చూసుకోవాలి.

మరో లాభమూ ఉంది. కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలన్నది నిబంధన. తక్కినది చికోరీ కావచ్చు. అరకు గింజలైనా, చిక్‌మగళూరు గింజలైనా, స్వయంగా పట్టుకుంటే చికోరీ ఎంత కలపాలన్నది కొనుగోలుదారు చేతిలోనే ఉంటుంది. పొడి నిలవుంటే వాసన పోతుంది కనుక ఏ పూటకాపూట పట్టుకోవడం మేలు.