వార్తల్లో పదం: ఫ్రీ ఏజెన్సీ

అమెరికన్ ఫుట్‌బాల్‌లో కనీసం నాలుగు సీజన్లు ఆడినవాడి ఒప్పందం ముగిస్తే, ఏ జట్టుతోనైనా బేరమాడుకునే స్వేచ్ఛ వస్తుంది. అదే ఫ్రీ ఏజెన్సీ. ఏటా మార్చి మధ్యలో ఈ హడావిడి. బంతి విసిరి జట్టు దాడిని నడిపేవాడు క్వార్టర్‌బ్యాక్; బెంచీ మీద కూర్చునే రెండో క్వార్టర్‌బ్యాక్‌కూ గిరాకీ ఉంటుంది. అసలువాడు గాయపడితే సీజనే గల్లంతు మరి.

మన ఐపీఎల్‌లో విడుదలైతే వేలంపాటే. అంబాజీపేట కొబ్బరికి మల్లే, ధర కొనేవాళ్ల చేతిలోనే. విశాఖ వికెట్‌కీపర్ కోన శ్రీకర్ భరత్‌నే చూడండి: 2022లో ఢిల్లీ 2 కోట్లు, 2023లో గుజరాత్ 1.2 కోట్లు, 2024లో కోల్‌కతా 50 లక్షలు పెట్టాయి. చివరి రెండు జట్లూ ఒక్క మ్యాచ్‌లోనూ ఆడించలేదు. అదే 2023 జూన్‌లో, టెస్టు ఛాంపియన్‌షిప్ ఫైనల్లో భారత జట్టుకు కీపర్ ఆయనే!