మట్టిని మార్చాను, కాగితం మాత్రం రాయించుకోలేదు: ప్రకృతి సాగు చేసే కౌలు రైతుకి కౌలు పత్రం ఎందుకు కావాలి?

పై వీడియోలో కనిపిస్తున్న మూడెకరాలు ఇప్పుడు నా చేతిలో లేవు. వీడియో తీసిన నాలుగు నెలలకే ఆ చేను వదిలేయాల్సి వచ్చింది. ఆ కథ చెప్పటానికే ఈ వ్యాసం.

ఆ భూమి తీసుకున్నప్పుడు గునపం దిగేది కాదు. ఏటా తొలకరికి ముందు నవధాన్యాలు చల్లి కలియదున్నాను. ఎకరానికి 400 కిలోల ఘనజీవామృతం వేశాను, పదిహేను రోజులకోసారి ద్రవజీవామృతం పారించాను. మొదటి ఏడు దిగుబడి పడిపోయింది. రెండో ఏడు పెట్టుబడి వచ్చింది. మూడో ఏడు గడ్డి తీస్తుంటే వానపాములు కనపడ్డాయి. ఆ సంక్రాంతికి యజమాని గారి అబ్బాయి ఊరొచ్చి చేను చూశాడు. "భూమి బాగుంది, ఇక మేమే చేసుకుంటాం" అన్నాడు. పెద్దాయన తల దించుకున్నారు. మా మధ్య ఉన్నది మాట ఒక్కటే. ఐదేళ్లు అనుకున్నాం, ఎక్కడా రాసుకోలేదు.

తప్పు వాళ్లదని నేను అనను. రాయించుకోకపోవటం నా తప్పు.

కౌలు అనే పదం అరబీ 'కౌల్' నుంచి వచ్చింది, మాట అని అర్థం. మన పల్లెల్లో ఇప్పటికీ అది మాట మీదే నడుస్తోంది. రసాయన సాగులో అయితే ఏ ఏడు పెట్టుబడి ఆ ఏడే తేలిపోతుంది, కౌలు పోయినా పక్క చేను చూసుకోవచ్చు. మనకి అలా కుదరదు. మన పెట్టుబడి మట్టిలో ఉంటుంది, మూడో ఏటికి గాని తిరిగి రాదు. సేంద్రియ సర్టిఫికెట్‌కి వెళ్లాలన్నా ఎన్‌పీఓపీ నియమాల్లో ఏక వార్షిక పంటలకి 2 ఏళ్లు, బహువార్షిక పంటలకి 3 ఏళ్లు మార్పిడి కాలం ఉంది. భూమి చేయి మారితే ఆ కష్టమంతా అక్కడే ఆగిపోతుంది.

చట్టం ఏమంటుంది?

ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 107వ సెక్షన్ ప్రకారం ఏడాది దాటిన కౌలు రిజిస్టర్డ్ పత్రం ద్వారానే ఇవ్వాలి. కానీ ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప వ్యవసాయ కౌళ్లకి ఇది వర్తించదని 117వ సెక్షన్ చెబుతుంది. "అయితే మనకి కాగితం అక్కర్లేదన్నమాట" అనుకోవద్దు. మెలిక ఇక్కడే ఉంది.

రిజిస్ట్రేషన్ చట్టం, 1908లోని 17వ సెక్షన్ ప్రకారం ఏడాది దాటిన కాలానికి కౌలు రాసుకుంటే ఆ పత్రాన్ని రిజిస్టర్ చేయించాలి. 5 ఏళ్లు మించని, ఏటా 50 రూపాయలు మించని కౌళ్లకి రాష్ట్రం మినహాయింపు ఇవ్వొచ్చు. ఈ రోజుల్లో 50 రూపాయలకి గట్టు మీద గడ్డి కూడా రాదు! "ఫలానా తేదీ నుంచి కౌలుకిస్తాను" అని రాసే ఒప్పందాన్ని కూడా ఈ చట్టం లీజు కిందే లెక్కేస్తుంది, ఆ రాత అప్పుడే హక్కు కలిగించేలా ఉంటే. కాబట్టి "ముందు అగ్రిమెంటే కదా" అని తేలిగ్గా తీసుకోకండి.

రిజిస్టర్ చేయకపోతే ఏమవుతుంది? చేను మన స్వాధీనంలో ఎలా ఉందో చెప్పటానికి కోర్టులో ఆ కాగితం కొంత పనికిరావచ్చు. ఐదేళ్ల గడువు రుజువు చేయటానికి మాత్రం పనికిరాదు. స్టాంపు సరిగా లేకపోతే లోటు సుంకం, జరిమానా కట్టాక గాని సాక్ష్యంగా తీసుకోరు. సంతకాలు అయ్యాక 4 నెలల్లోపు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దాఖలు చేయాలి.

11 నెలల పత్రం సరిపోతుందా?

ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద యజమాని సంతకంతో 11 నెలలకి కౌలు కార్డు ఇస్తారు. పంట రుణానికి, బీమాకి, నష్టపరిహారానికి అది పనికొస్తుంది. తప్పకుండా తీసుకోండి. కానీ అది ఆ ఏడాది పంటకి రక్షణ, మన మట్టికి కాదు.

యజమానులు సంతకానికి ఎందుకు జంకుతారో కూడా అర్థం చేసుకోవాలి. తెలంగాణ ప్రాంతానికి 1950లో, ఆంధ్ర ప్రాంతానికి 1956లో కౌలుదారీ చట్టాలు వచ్చాయి. రక్షిత కౌలుదారు అన్న మాట పెద్దవాళ్లకి ఇంకా గుర్తుంది. సంతకం పెడితే భూమి పోతుందని వాళ్ల భయం. ఆ పాత చట్టాల షరతులు మీ భూమికి ఎలా వర్తిస్తాయో రాసే ముందు లాయర్‌ని అడగండి, ముఖ్యంగా తెలంగాణ మిత్రులు.

పత్రంలో ఏం రాసుకోవాలి?

- సర్వే నంబరు, సబ్ డివిజన్, విస్తీర్ణం, నాలుగు హద్దులు. పట్టాదారు ఎవరో పాస్ పుస్తకంలో చూసుకోండి. అన్నదమ్ముల ఉమ్మడి భూమి అయితే అందరి సంతకాలు కావాలి.
- మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ.
- కౌలు డబ్బా, బస్తాలా, ఎప్పుడు కట్టాలి? పంట పోయిన ఏడు ఎంత?
- బోరు, మోటారు మరమ్మతు ఎవరిది? గట్టు మీద చెట్ల ఫలసాయం ఎవరిది?
- చేనులో రసాయనాలు వాడకూడదన్న షరతు.
- గడువు ముందే భూమి అడిగితే ఎన్ని నెలల ముందు చెప్పాలి? నిలబడి ఉన్న పంట సంగతేంటి? మట్టికి పెట్టిన ఖర్చుకి ఎంత ఇవ్వాలి?
- భూమి అమ్మినా, యజమాని కాలం చేసినా ఒప్పందం కొనసాగుతుందన్న మాట.
- యాజమాన్య హక్కు పూర్తిగా యజమానిదేనన్న వాక్యం. వాళ్ల భయం తగ్గేది దీనితోనే.

రెండోసారి రెండెకరాలు చూసుకున్నప్పుడు ఆ యజమానిని కాగితం అడగటానికి నోరు రాలేదు. చివరికి అడిగాను. "ఏరా అబ్బాయ్, నా మీద నమ్మకం లేదా?" అన్నారు.

"మీ మీద ఉంది బాబాయ్. రేపు మీరూ నేనూ లేనప్పుడు మన పిల్లలకి ఏం గుర్తుంటుంది?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికెళ్లి పాస్ పుస్తకం తెచ్చారు. ఆఖరి వాక్యం ఆయనకి రెండుసార్లు చదివి వినిపించాను. ఐదేళ్లకి రాసుకుని రిజిస్టర్ చేయించాం. స్టాంపు ఖర్చు నేనే పెట్టుకున్నాను.

మొన్న ఆ చేలో మొదటిసారి నవధాన్యాలు చల్లాను. ఈసారి చల్లుతున్నప్పుడు చెయ్యి వెనకాడలేదు. మీరు కూడా విత్తనానికి ముందు కాగితం చూసుకోండి.