సార్డీన్లు పోయాయి, బోటు మిగిలింది

అమెరికా వాయవ్య మూలన, వాషింగ్టన్ రాష్ట్రంలోని స్వినోమిష్ కాలువలో 2012 సెప్టెంబరులో ఒక ముసలి చేపల బోటు మునిగింది. పైకి తీశారు. 2013 జనవరిలో మళ్లీ మునిగింది. ఈసారి నెలల తరబడి అది నీళ్లడుగునే ఉండిపోయింది. చివరికి ఎలాగో ఎత్తి, పోర్ట్ టౌన్‌సెండ్ అనే చిన్న రేవు ఊరికి లాక్కొచ్చి ఒడ్డున నిలబెట్టారు. లోపలా బయటా బురద పేరుకుపోయింది. కర్ర చాలాచోట్ల పుచ్చిపోయింది. అప్పటికి దాని పేరు 'జెమినీ'. వంటచెరకుకు కూడా పనికిరాదనిపించే ఆ బోటును 2015లో జాన్ గ్రెగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త సుమారు 10 లక్షల డాలర్లు పోసి కొన్నాడు.

ఆ ధర కర్రకు కాదు, పాత పేరుకు. పుట్టినప్పుడు అది 'వెస్టర్న్ ఫ్లయర్'. తర్వాత 1962లో నోబెల్ అందుకున్న నవలాకారుడు జాన్ స్టెయిన్‌బెక్, ఆయన స్నేహితుడూ సముద్ర జీవశాస్త్రజ్ఞుడూ అయిన ఎడ్ రికెట్స్, 1940లో ఆరు వారాల పాటు ఈ బోటును అద్దెకు తీసుకుని కాలిఫోర్నియా సింధుశాఖ చుట్టి వచ్చారు. దాన్ని గురించి రాసేవాళ్లలో చాలామంది ఆ ఆరు వారాల దగ్గరే ఆగిపోతారు. నన్నడిగితే ఆ ఆరు వారాలు తీసేసినా ఈ బోటుది చెప్పుకోదగ్గ బతుకే. చేపల బోటంటే ఒకసారి కట్టేసి వదిలేసే వస్తువు కాదు. సముద్రంలో ఏ సరుకు దొరికితే దానికి తగ్గట్టు ఒళ్లు మార్చుకుంటూ పోయే యంత్రం. ఒడ్డున పెట్టి బాగుచేయడం దాని బతుకులో ఒక అధ్యాయమే తప్ప, చివరిదీ కాదు, మొదటిదీ కాదు.

1937లో అదే వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమా నగరంలో వెస్టర్న్ బోట్ బిల్డింగ్ కంపెనీ దీన్ని కట్టింది. కంపెనీ యజమాని మార్టిన్ పెట్రిచ్ క్రొయేషియా నుంచి వలస వచ్చినవాడు. పసిఫిక్ తీరంలో చేపల వేటనూ, బోట్లు కట్టే పనినీ పెద్ద ఎత్తున నడిపించినవారిలో ఏడ్రియాటిక్ తీరం నుంచి వచ్చినవాళ్లు చాలామంది. బోటు పొడవు 76 అడుగులు. పని ఒక్కటే: కాలిఫోర్నియాలోని మాంటెరే రేవు నుంచి సార్డీన్లు, అంటే మన కవ్వళ్ల జాతి చేపలు, పట్టడం.

ఆ పట్టే పద్ధతి మన తీరంలో రింగు వల అని పిలిచేదే. చేపల గుంపు కనబడగానే చిన్న పడవతో వల ఒక కొస పట్టించి, బోటు గుంపు చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది. వల పై అంచుకు తేలే బెండ్లు, కింది అంచుకు సీసపు గుళ్లు, వాటితోపాటు వరసగా రింగులు. ఆ రింగుల్లోంచి పోయే తాడును బోటు మీది మరతో లాగితే, వక్కల సంచి మూతి బిగిసినట్టు వల అడుగు మూసుకుపోతుంది. కిందికి దూకి తప్పించుకునే దారి చేపకు ఉండదు. ఇంత వలను ఆరబెట్టి, మడతపెట్టి, మళ్లీ చిక్కుపడకుండా నీళ్లలోకి వదలాలంటే వెనక చోటు కావాలి. అందుకే ఈ తరహా బోటుకు సరంగు గది, పడక గదులు, వంటిల్లు అన్నీ అణియం వైపుకు జరిపి కట్టి, అమరం మీద వల పేర్చుకోవడానికి ఒక పెద్ద తిరుగుడు బల్ల పెట్టారు. మధ్యలో కింద చేపల గది. వల కోసం గీసిన ఈ నమూనాయే తర్వాతి ఏడు దశాబ్దాలూ దాన్ని కాపాడిందనుకుంటాను. వెనకంతా ఖాళీ. ఆ ఖాళీలో ఏ మర బిగించుకుంటే ఆ వేటకు పనికొస్తుంది.

ఇంజిను సంగతి ఇంకా సరదా. 165 అశ్వశక్తి అట్లాస్ డీజిల్. దానికి ఇప్పటి బోట్లలో ఉండే రివర్స్ గేరు లేదు. ఇంజిను ఎటు తిరిగితే పంకా అటే తిరుగుతుంది. బోటు వెనక్కి పోవాలంటే ఏకంగా ఇంజిన్నే ఆపేసి, కవాటాలను తెరిచి మూసే క్యామ్ షాఫ్టును పక్కకు జరిపి, సిలిండర్లలోకి ఒత్తిడి గాలి వదిలి, అదే ఇంజిన్ను వ్యతిరేక దిశలో మళ్లీ నడిపించాలి. రేవులోకి వస్తూ ముందుకీ వెనక్కీ నాలుగైదుసార్లు సర్దుకోవాల్సివస్తే అన్నిసార్లూ గాలి ఖర్చవుతుంది. ట్యాంకులో గాలి అయిపోయిందా, గోడకు కొట్టుకోవడమే. సరంగు ఒడుపు అంతా ఇక్కడే తెలిసిపోయేది. ఇంత పాటు పడినా జనం దాన్ని ఇష్టపడ్డారు. నెమ్మదిగా తిరుగుతుంది, భాగాలు తక్కువ, ఏది చెడిందో కంటికి కనబడుతుంది.

1940 మార్చి 11న బోటు మాంటెరే వదిలింది. సరంగు టోనీ బెర్రీ. ఆరు వారాల్లో సుమారు 4,000 మైళ్లు తిరిగి, ఆటుపోట్ల రాళ్ల మధ్య బతికే జీవులను 500 జాతులకు పైగా సేకరించి, ఏప్రిల్ 20న తిరిగొచ్చారు. 1941 చివర్లో ఆ యాత్ర గురించి స్టెయిన్‌బెక్, రికెట్స్ కలిసి రాసిన 'సీ ఆఫ్ కోర్టెజ్' వెలువడింది. ఆ పుస్తకంలో మరల మీద ఇష్టమున్నవాళ్లు మరిచిపోలేని పాత్ర ఒకటుంది. తోడు పడవకు తగిలించిన మోటారు. అవసరమైనప్పుడు కదలదు, అక్కర్లేనప్పుడు పరుగెడుతుంది. దానికి బుద్ధీ, పగా ఉన్నాయని స్టెయిన్‌బెక్ గట్టిగా వాదించాడు. ఆ మోటారుకు అన్ని పేజీలు ఇచ్చిన మనిషి, అదే బోటులో వెంట వచ్చిన తన భార్య క్యారల్‌ను మాత్రం కథలో ఒక పాత్రగా చూపించలేదు.

ఇక సార్డీన్లు. 1936-37 కాలంలో కాలిఫోర్నియా మొత్తం మీద 7 లక్షల టన్నులకు పైగా పట్టారు. అందులో మనుషులు తిన్నది కొంతే. మిగతాది ఉడికించి, పిండి, నూనె తీసి, పిప్పిని కోళ్లకూ పొలాలకూ వేశారు. 1940ల చివరికి సముద్రం ఖాళీ అయింది. సముద్రపు వేడిలో మార్పులూ కారణమే, మితిమీరిన వేటా కారణమే. ఏది ఎంత అన్నది శాస్త్రవేత్తలు చాలాకాలం తర్కించుకున్నారు. సార్డీన్లన్నీ ఎటు పోయాయని అడిగితే డబ్బాల్లోకి పోయాయని రికెట్స్ అన్నాడట. ఆయన 1948లో రైలు ఢీకొని చనిపోయాడు. మాంటెరే డబ్బా ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి.

బోటు ఉత్తరానికి పోయింది. 1950లలో తిరుగుడు బల్ల స్థానంలో ట్రాలు వల లాగే మర వచ్చింది. ఇప్పుడు వేట లోతుల్లో బతికే పసిఫిక్ పెర్చ్ కోసం. 1960ల నడిమికి విదేశీ చేపల ఓడల దండులు కూడా వచ్చిపడి పెర్చ్ కరిగిపోయింది. తర్వాత అలాస్కాలో ఎర్ర రాజపీతల వేట. ఆ పీతలూ 1980ల మొదట్లో కుప్పకూలాయి. అప్పటికే మన బోటు ఆ వేటలో లేదనుకోండి. 1971లో అలాస్కాలోని కెచికాన్ దగ్గర రాళ్లకు తగిలి మునిగితే పైకి తీసి, సాల్మన్ వేటగాళ్ల నుంచి చేపలు ఎక్కించుకుని ఫ్యాక్టరీకి చేరవేసే మోత బోటుగా పెట్టారు. ఎప్పుడో మధ్యలో పేరూ మారింది. పేరు మారినా రేడియో పిలుపు సంకేతం మారలేదు. పాత నావికుల బంధువొకాయన ఆ సంకేతం పట్టుకునే 1980లలో జెమినీ అసలు ఎవరో కనిపెట్టాడు.

కర్ర బోటు ఎక్కడ చస్తుందో తెలుసా? నీళ్లలో కాదు, వానలో. కర్రను పుచ్చజేసే బూజుకు తడీ కావాలి, గాలీ కావాలి. పూర్తిగా మునిగిన కర్రకు గాలి అందదు. పైగా ఉప్పు బూజుకు గిట్టదు. అందుకే అడుగు పలకలు గట్టిగా ఉండగానే పై డెక్కు సందుల్లోంచి కారిన వాననీరు పలకలను లోపల పట్టి ఉంచే పక్కటెముకల తలల్లో నిలుస్తుంది. పుచ్చు అక్కణ్నుంచి కిందికి తినుకుంటూ పోతుంది. వెనకటి ఓడ వడ్రంగులు పక్కటెముకల మధ్య ఖాళీల్లో రాతి ఉప్పు పోసేవారు. కారిన వాననీరు ఉప్పునీరై దిగుతుంది. చవకైన మందు, బాగా పనిచేసిన మందు. ఉప్పునీళ్లలో ఇంకో శత్రువుంది. టెరీడో అనే జీవి కర్రను లోపల లోపలే తొలిచేస్తుంది. పేరుకు ఓడపురుగు గానీ, అది ఆల్చిప్పల బంధువు. పై నుంచి చూస్తే సూది బెజ్జమంత రంధ్రం. కోసి చూస్తే లోపలంతా సొరంగాలే.

మూడో రోగం మేకులది. ఈ తీరపు చేపల బోట్లకు జింకు పూత పూసిన ఇనుప మేకులే వాడేవారు. పూత పోయాక, తడిసిన కర్రలో ప్రతి మేకూ ఒక చిన్న బ్యాటరీ అవుతుంది. ఒకచోట ఇనుము కరిగి తుప్పవుతుంటే, ఇంకోచోట క్షారం పుట్టి చుట్టూ ఉన్న కర్రను మెత్తబెడుతుంది. పైకి తల నిక్షేపంగా కనబడే మేకును లాగితే నడుము దగ్గర పుల్లంత సన్నగా బయటికొస్తుంది. ఇలాంటి బోటుకు కొత్త మేకు కొట్టి లాభం లేదు, పట్టుకోవడానికి కర్ర మిగలదు.

విశాఖ, కాకినాడ రేవుల్లో ఈ రోగాలన్నీ తెలుసు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం మత్స్యసంపద కోసమే అయినా, ఒడ్డుకెక్కించిన బోట్లకు చెడిన పలకలు మార్చి, సందులు పూడ్చి, రంగు వేసుకునేది ఆ రోజుల్లోనే. ఆ ఏటేటి వైద్యం ఆగిపోయిన బోటే జెమినీ అవుతుంది.

పోర్ట్ టౌన్‌సెండ్‌లో పని చేపట్టింది షిప్‌రైట్స్ కో-ఆప్, పనివాళ్లే యజమానులైన సహకార సంఘం. తెరిచి చూసేసరికి బోటు ఒంట్లో పనికొచ్చేది చాలా తక్కువని తేలింది. ఇలాంటి బోటును ఒక్కసారిగా విప్పితే ఆకారం చేజారుతుంది. ముసలి బోటు రెండు కొసలూ బరువుకు వాలి, వెన్నుకర్ర నడుమ పైకి వంగి ఉంటుంది. ముందు దిమ్మలూ జాకీలూ పెట్టి ఆ వంపు నెమ్మదిగా సరిచేయాలి. తర్వాత ఒక పక్కటెముక పాతది ఉంచి, పక్కది మార్చి, మళ్లీ ఇంకోటి. పాతదే కొత్తదానికి కొలత.

పక్కటెముకలకు తెల్ల ఓకు వాడడం ఆ తీరపు పాత ఆచారం. ఎర్ర ఓకు ముక్క ఒక కొసను నీళ్లలో ముంచి రెండో కొసన ఊదితే బుడగలు వస్తాయి. తెల్ల ఓకులో రావు. దాని నాళాలు పూడుకుపోయి ఉంటాయి. సారా పీపాలకు అది వాడేదీ అందుకే. దాన్ని పొడుగాటి పెట్టెలో పెట్టి ఆవిరి పట్టిస్తారు, అంగుళం మందానికి సుమారు గంట. కర్ర పోగులను అంటిపెట్టుకుని ఉండే లిగ్నిన్ ఆ వేడికి మెత్తబడుతుంది. బయటికి తీశాక ఉన్న వ్యవధి ఒక్క నిమిషం అనుకోండి. చేతులకు తొడుగులు వేసుకున్న నలుగురు పరుగున తెచ్చి, లోపలికి తోసి, బిగింపులు వేసి వంచాలి. ఒకరు తడబడితే కర్ర చల్లారిపోతుంది, లేదా ఫట్‌మని చీలుతుంది. ఇంకోటి పెట్టెలోకి.

పక్కటెముకల మీద పలకలు. పలకకూ పలకకూ మధ్య సందులో దూది కూరి, పైన జనపనార దట్టించి, మెత్తని పుట్టీతో మూస్తారు. ఈ దూది నీళ్లు ఆపడానికని చాలామంది అనుకుంటారు. అంతకంటే పెద్ద పని ఇంకోటి చేస్తుంది. నీళ్లలోకి దించగానే పలకలు అడ్డంగా ఉబ్బి దూదిని నొక్కుతాయి. ఆ నొక్కుడుకు పలకలన్నీ ఒకదానికొకటి బిగిసి, బోటు మొత్తం ఒకే ముక్కలా నిలబడుతుంది. వడ్రంగి దూదిని మరీ గట్టిగా కూరితే ఉబ్బిన పలకలు మేకులనే పెరికేస్తాయి. సుత్తి చప్పుడు విని తెలుసుకోవాల్సిన విద్య అది.

2022 జూన్‌లో బోటు తిరిగి నీళ్లలో దిగింది. బోటు ఒళ్లు దాదాపు కొత్తది, పైనున్న గదుల్లో మాత్రం వీలైనంత పాత కర్రే. ఇంజిను పని సియాటిల్‌లో జరిగింది. అక్కడ పాత అట్లాస్ రకానికి బదులు డీజిలూ కరెంటూ కలిసి నడిపే హైబ్రిడ్ ఏర్పాటు చేశారు. పాత ఇంజినే పెట్టాలి కదా అనేవాళ్లు ఉంటారు. ఈ బోటు ఎన్నడూ ఒకే పనికి కట్టుబడి ఉండలేదన్నది వాళ్లు మరిచిపోతున్నారు. సార్డీన్లు పట్టినప్పుడు చప్పుడుతో పనిలేదు. ఇప్పుడు నీటిలో శబ్దాలు వినే పరికరాలను దించాలి, తిమింగలాల దగ్గరికి పోవాలి. డీజిలు ఆపి బ్యాటరీ మీద నడవగలిగితేనే ఆ పని కుదురుతుంది. చేపల గది ప్రయోగశాలైంది. విద్యార్థులు, పరిశోధకులు దిగి పనిచేసే చోటు అది.

2023 నవంబరులో వెస్టర్న్ ఫ్లయర్ మాంటెరే చేరింది, పాత పేరుతోనే. ఇక ఏటా చూసుకోవాల్సిన చాకిరీ మొదలు. బోటు అడుగున జింకు దిమ్మలు బిగిస్తారు. పంకా, ఇరుసు, మేకులు తుప్పుపట్టే బదులు ఆ జింకు కరుగుతుంది. తక్కువైతే లోహం పోతుంది. ఎక్కువైతే మేకుల చుట్టూ మళ్లీ ఆ క్షారమే పుట్టి కొత్త ఓకునే మెత్తబెడుతుంది. ఎంత బిగించాలన్నది బోటును బయటికి తీసినప్పుడల్లా కరిగిన దిమ్మను చేత్తో తూచి, మేకు చుట్టూ కర్రను గోటితో గీరి తేల్చుకోవలసిందే.