కాటా నెక్కక మున్నే కడ్డీ బరువు

ఇల్లు కట్టుకొనువాడు ఇనుమును టన్నుల లెక్కన కొనును. ఇంజనీరు పటమునందు మాత్రము 8 మిల్లీమీటర్ల కడ్డీలిన్ని, 12 మిల్లీమీటర్లవిన్ని యని మందమును పొడవునే కనబడును. ఈ రెంటిని కలుపు సూత్రము మిక్కిలి చిన్నది: వ్యాసమును మిల్లీమీటర్లలో గైకొని, దానిని దానితోనే గుణించి, 162 చేత భాగించినచో, మీటరు కడ్డీ బరువు కిలోగ్రాములలో లభించును. 12 మిల్లీమీటర్లదైనచో 144ను 162 చేత భాగింపగా రమారమి 0.89, అనగా 12 మీటర్ల నిడివిగల నిండు కడ్డీ 10 కిలోల 600 గ్రాములకు పైచిలుకు తూగవలెను.

ఈ 162 ఆకాశమునుండి ఊడిపడినది కాదు. ఉక్కు ఘనమీటరుకు 7850 కిలోగ్రాములని లెక్క. ఆ లెక్కన మిల్లీమీటరు వ్యాసముగల తీగ మీటరు పొడవున ఆరు గ్రాములకు కొంచెము పైగా తూగును గనుక, అట్టివి 162 చేరినగాని కిలో కాదు. వైశాల్యము వ్యాసవర్గమును బట్టి పెరుగుటచే, 8కి బదులు 16 మిల్లీమీటర్ల కడ్డీ వేసినచో బరువు నాలుగింతలగును. ఇది తెలియక "కాస్త లావుది వేయుదము" అని తేలికగా పలికిన గృహస్థులు పిమ్మట బిల్లు చూచి బెదరుట కద్దు.

కడ్డీవలె నిండుగాక బోలుగానుండు గొట్టమునకు లెక్క వేరు. గొట్టమును నిలువున చీల్చి చదును చేసినట్లు ఊహించినచో అది రేకే. కావున బయటి వ్యాసమునుండి గోడ మందమును తీసివేసి, శేషమును ఆ మందముతోను, పిదప 0.02466తోను గుణించినచో మీటరు బరువు తేలును. బజారులో రెండంగుళాల నీళ్ల గొట్టమనునది బయట 60.3 మిల్లీమీటర్లుండును, మందము 3.6 అయినచో మీటరుకు ఐదు కిలోలు. పేరులోని అంగుళములను నమ్మి లెక్కించువాడు మీటరుకు 800 గ్రాములకు పైగా పొరబడును.

ఐతే కడ్డీ విషయమున తూకము ధరకు మాత్రమే పనికివచ్చునది కాదు. నేటి కడ్డీలపై గట్లుండుటచే కొలతపరికరము పెట్టి మందము తేల్చుట పొసగదు, అందుచేతనే ఈ కడ్డీలకైన భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 1786 బరువునుండియే వైశాల్యమును రాబట్టును. మీటరు ముక్క కోసి తూచినపుడు, 12 మిల్లీమీటర్లదని యమ్మిన కడ్డీ 0.80 కిలోయే తూగినచో, దాని నిజమైన వ్యాసము 11.4 మిల్లీమీటర్లు మాత్రమే. ఉక్కు పదింట ఒకపాలు లోపించినది. ఆ పరిమాణమున సరకు మొత్తముమీద ప్రమాణము సహించునది నూటికి 5 పాళ్లే. కడ్డీల లెక్కన కొన్నవాడు లేని ఇనుమునకు సొమ్ము చెల్లించినట్లు. టన్నుల లెక్కన కొన్నవానికి సొమ్ము నష్టము లేకున్నను, పటము ప్రకారము కడ్డీలనెంచి పరచిన స్లాబులో ఉక్కు అంతమేరకు తక్కువ పడును.