విజిల్ పట్టుకున్నవాడి గెలుపు లెక్క

ఆగస్టు 29, హాకీ ఆటగాడు ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, జాతీయ క్రీడా దినోత్సవం. ఆ రోజు బడిలో మా మెడలో ఓ శాలువా పడుతుంది, దాని వెనకే ఓ ప్రశ్న: "ఈ ఏడు ఎంతమందిని స్టేట్‌కి పంపారు సారూ?" సోషల్ టీచర్ని మాత్రం ఎంతమందిని చరిత్రకారుల్ని చేశావని ఎవరూ అడగరు. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. ఈ ప్రశ్నకి జవాబు చెప్పీ చెప్పీ మాలో చాలామందిమి దాన్నే మా కొలబద్ద చేసేసుకున్నాం.

జాన్ నికోల్స్ అనే మనస్తత్వవేత్త 1980లలోనే దీని గుట్టు విప్పాడు. ఒకడు పక్కవాణ్ని మించితేనే గెలిచాననుకుంటాడు. ఇంకొకడు నిన్నటి తననే మించితే చాలనుకుంటాడు. హెచ్చెం గది బీరువా మీద కప్పులుంటాయి కాబట్టి మాకు మొదటి లెక్కే అలవాటవుతుంది. కానీ ఆ లెక్కలో అందరూ సమానం కాదు. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్లో పిల్లల్ని పరీక్షించి మరీ ఎంచుకుంటారు, అక్కడే ఉంచి తర్ఫీదు ఇస్తారు. మాకు ఊళ్లో బడికొచ్చిన వాళ్లే ఆటగాళ్లు. ఖోఖోలో తరిమే జట్టు నుంచి బరిలో దిగేది 9 మంది. మిగతా బడంతా ఆ లెక్కలోకే రాదు.

ఓడిన సాయంత్రం అసలు సంగతి బయటపడుతుంది. రిఫరీ వాళ్లవాడే అంటాం, లేదా మన పిల్లల్లో సత్తా లేదంటాం. ఓటమికి మనిషి చెప్పుకునే కారణాన్ని బట్టే అతని తర్వాతి ప్రయత్నం ఉంటుందన్నాడు బెర్నార్డ్ వైనర్ అనే మరో మనస్తత్వవేత్త. సత్తా లేదనుకున్న పీఈటీ మర్నాడు విజిల్ ఊదడు. కబడ్డీ రైడర్ కాళ్ల కదలిక బాలేదనుకున్నవాడికి పొద్దున్నే పని ఉంటుంది. అలాగని అంతా మనసులోనే ఉందని శిక్షణ తరగతుల్లో చెప్పే మాట నాకు గిట్టదు. గ్రౌండు లేకపోవడం సాకు కాదు, నిజంగానే లేదు. జనవరి దాటితే గేమ్స్ పీరియడ్ లెక్కల సారుకి వెళ్లిపోతుంది. "టెన్త్ కదా సారూ" అంటే ఇక మాట్లాడేదేముంది? ప్రేయర్ లైను, మధ్యాహ్న భోజనం వరస, అల్లరి పిల్లలకు భయం మాత్రం మా వంతు. పైగా స్టాఫ్‌రూంలో "మీకేం, దిద్దడానికి పేపర్లు కూడా ఉండవు" అంటారు.

ఆ మాటలోనే మా ఇబ్బంది అంతా ఉంది. చేయగలనన్న నమ్మకానికి అన్నిటికన్నా బలమైన ఆధారం స్వయంగా చేసి గెలిచిన అనుభవమేనని 1977లో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా రాశాడు. లెక్కల సారుకి ఆ అనుభవం మార్కుల రూపంలో చేతికందుతుంది. మాకు దిద్దే పేపర్లు లేవు కాబట్టి, పని జరిగిందన్న రుజువూ ఉండదు.

అందుకే ఓ నోట్‌బుక్ పెట్టాను. ప్రతి పిల్లా పిల్లాడూ జులైలో ఎంత దూరం దూకారు, డిసెంబర్లో ఎంత దూకారు, అంతే. పోయినేడు బడి చుట్టూ సగం దూరానికే కూర్చుండిపోయిన ఎనిమిదో తరగతి అమ్మాయి ఇప్పుడు ఆగకుండా రెండు రౌండ్లు వేస్తోంది. ఆమె మండలానికి కూడా ఎంపిక కాలేదు, కాబోదు కూడా. తనిఖీకి వచ్చినవాళ్లు కప్పులు చూసి లేవబోతుంటే, అడక్కపోయినా ఆమె పేజీ తెరిచి ముందు పెడుతుంటాను.